నిప్పులార్పే నోర్డాల్



పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడి కార్డు నాకు బాగా నచ్చింది. అందులో కుశల ప్రశ్నలు లేవు, "తమ విధేయుడు" లేదు. నేరుగా విషయమే అడిగాడు: "మేష్టారూ, ఫుట్‌బాల్ ఆడితే జీతం ఇస్తారా? ఇస్తారని నేనూ, ఇవ్వరని మా నాన్నగారూ పందెం వేసుకున్నాం. మీరు ఏది చెబితే అదే."

తండ్రీ కొడుకులు పందాలు వేసుకోవడం అంత మంచి అలవాటు కాదనుకోండి. కాని ప్రశ్న మంచిదే. "ఆటలు కూడు పెడతాయా?" అనే మాట వినకుండా పెరిగిన పిల్లలు మనలో ఎందరున్నారు? జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇస్తారు. మన దేశంలోనూ ఇస్తున్నారు. అయితే ఆ జీతం పుచ్చుకున్న పాపానికి ఒక మహా ఆటగాడు తన దేశపు చొక్కా మళ్లీ తొడుక్కోలేకపోయాడు. ఆ సంగతి వింటే నాన్నగారి మాటలోనూ కొంత నిజం వుందని తెలుస్తుంది. ఆ ఆటగాడు స్వీడన్ దేశస్థుడు. పేరు గున్నార్ నోర్డాల్.

ముందు అట్లాసు తెరవండి. యూరప్ ఖండంలో ఉత్తరాన, నార్వేను ఆనుకుని, పొడుగ్గా కిందికి దిగివచ్చిన దేశమే స్వీడన్. దాని తూర్పు తీరం మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ పోతే ఉమియో అనే పట్నం తగులుతుంది. దానికి కాస్త దక్షిణంగా, సముద్రపు ఒడ్డునే, హోర్నెఫోర్స్ అనే చిన్న వూరు వుంది. మీ అట్లాసులో ఆ పేరు వుండకపోవచ్చు, వెతికి విసుక్కోకండి. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం గడవగానే చీకటి పడిపోతుంది. అప్పట్లో వూళ్లో చెప్పుకోదగ్గది కాగితపు గుజ్జు తయారుచేసే మిల్లు. ఆ వూళ్లోనే 1921 అక్టోబరు 19న గున్నార్ పుట్టాడు.

మన భాషలో గున్న అంటే ఏనుగు పిల్ల. వాళ్ల భాషలో ఆ పేరుకూ ఏనుగుకూ ఏ సంబంధమూ లేదు. కాని పెద్దయ్యాక మనిషి మాత్రం నిజంగా గున్న ఏనుగులాగే తయారయ్యాడు. ఎత్తు ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. బరువు తొంభై కిలోల పైమాటే.

అతనితో కలిపి అన్నదమ్ములు ఐదుగురు: బెర్టిల్, క్నూట్, గున్నార్, యోస్టా, యోరాన్. ఐదుగురికీ ఫుట్‌బాల్ పిచ్చే. ఐదుగురూ పెద్దవాళ్లయి స్వీడన్ దేశపు మొదటి తరగతి లీగులో ఆడారు. ఒక్క ఇంట్లో ఐదుగురు అలా ఆడడం ఎక్కడో గాని జరగదు. వాళ్లలో బెర్టిల్, క్నూట్ గున్నార్‌కన్న పెద్దవాళ్లు. వాళ్లిద్దరినీ గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తారు.

గున్నార్ ముందు సొంత వూరి జట్టులో ఆడి, 1940లో డేగర్‌ఫోర్స్ అనే ఇనుప కార్ఖానాల వూరికి వెళ్లి అక్కడి జట్టులో చేరాడు. అప్పుడు యూరప్ అంతా రెండో ప్రపంచ యుద్ధంలో మండిపోతున్నది. స్వీడన్ ఏ పక్షమూ చేరకుండా తటస్థంగా వుండడంవల్ల అక్కడ లీగు ఆటలు ఆగలేదు. డేగర్‌ఫోర్స్‌కు గున్నార్ 77 ఆటలు ఆడి 56 గోల్సు చేశాడు.

(ఇక్కడ ఒక చిన్నమాట. గోలుకు బహువచనం గోళ్లు అని రాయవచ్చు గదా అని మీలో వ్యాకరణం తెలిసినవాళ్లు అడగవచ్చు. రాస్తే అతను 56 గోళ్లు చేశాడని చదువుకుని మీ చేతివేళ్ల వైపు చూసుకుంటారు. అందుకని గోల్సు అనే రాస్తున్నాను.)

1944లో అతను నోర్చోపింగ్ అనే పట్నానికి మారాడు. అది బట్టల మిల్లులకు పేరుపడ్డ వూరు. అక్కడి జట్టుకు లయోష్ చెయిజ్లర్ అనే హంగెరీ దేశస్థుడు శిక్షకుడు. ఆ జట్టు 1945 నుంచి 1948 దాకా వరసగా నాలుగేళ్లు స్వీడన్ లీగు గెలిచింది. నోర్చోపింగ్ తరపున గున్నార్ ఆడిన లీగు ఆటలు 95, చేసిన గోల్సు 93. లెక్కల పుస్తకం తియ్యనక్కరలేదు. ఇంచుమించు ఆటకొక గోలు.

అంత ఆడినా అతనికి జీతం ఇచ్చింది ఫుట్‌బాల్ కాదు. నోర్చోపింగ్‌లో అతని ఉద్యోగం ఫైర్ సర్వీసులో. మన వూళ్లలో గంట మోగించుకుంటూ ఫైరింజను వస్తుందే, ఆ పనే. నిప్పులార్పి జీతం తెచ్చుకునేవాడు; ఆట మాత్రం ఆటే.

ఎందుకలా అంటే, అది అక్కడి చట్టం. స్వీడన్ ఫుట్‌బాల్ సంఘం తన ఆటగాళ్లు అమెచ్యూర్లుగా వుండాలని శాసించింది. అమెచ్యూర్ అంటే ఆటమీద డబ్బు ముట్టనివాడు. డబ్బు తీసుకుని ఆడేవాడు ప్రొఫెషనల్, అంటే జీతపు ఆటగాడు. ఇంగ్లండులో 1885 నుంచే ఆటగాళ్లకు బాహాటంగా జీతాలిస్తున్నారు. స్వీడన్ మాత్రం 1967 దాకా ఒప్పుకోలేదు. ఒలింపిక్ క్రీడల వాళ్లయితే ఇంకా కఠినం. 1912లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోనే జరిగిన ఒలింపిక్ క్రీడల్లో జిమ్ థోర్ప్ అనే అమెరికా యువకుడు రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకు ముందు ఎప్పుడో బేస్‌బాల్ ఆడి కొద్ది డబ్బు తీసుకున్నాడని తెలిసి 1913లో ఆ పతకాలు లాక్కున్నారు. తిరిగి ఇవ్వాలని నిర్ణయించింది 1982లో. అప్పటికి ఆ మనిషి చనిపోయి 29 ఏళ్లయింది.

ఈ నియమం వెనక వున్న ఆలోచన చెడ్డదని నేను అనను. డబ్బుకోసం ఆడేవాడు డబ్బుకోసం ఓడిపోవచ్చు గూడా అని పెద్దలు భయపడ్డారు. ఆ భయం ఉత్తది కాదు. కాని ఇందులో ఒక తిరకాసు వుంది. ఎస్టేటు వున్న దొరగారి అబ్బాయి నెల్లాళ్లు ఆడుకున్నా అతని ఇంట్లో పొయ్యి ఆరదు. మిల్లు కూలి కొడుకు ఒక్క రోజు పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. నియమం ఇద్దరికీ ఒకటే, బరువు మాత్రం ఒకటి కాదు. నేను ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి నెలనెలా జీతం పుచ్చుకున్నాను; అందువల్ల పాఠం మైలపడిందని ఎవరూ అనలేదు. మరి బంతి తన్నడానికి ఆ మైల ఎందుకు అంటాలో నాకిప్పటికీ బోధపడదు.

సరే, కథలోకి వద్దాం.

నిప్పులార్పే గున్నార్ పేరు మెల్లగా దేశం దాటింది. 1947 మే 10న స్కాట్లండులోని గ్లాస్గో పట్నంలో ఒక వింత పోటీ జరిగింది. ఒకవైపు బ్రిటన్ జట్టు. రెండోవైపు మిగిలిన యూరప్ దేశాలన్నిటి నుంచీ ఏరి కూర్చిన పదకొండుమంది. చూడవచ్చిన జనం లక్షా ముప్పైవేల పైచిలుకు. ఇన్ని భాషల మనుషులు ఒక్కసారిగా కలిసి ఆడితే ఏమవుతుంది? బ్రిటన్ వాళ్లు 6 గోల్సు వేశారు. యూరప్ వాళ్లు ఒకే ఒకటి వేశారు. ఆ ఒక్కటీ గున్నార్ వేసిందే.

మరుసటి ఏడు, అంటే 1948లో, లండనులో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. స్వీడన్ జట్టుకు జార్జ్ రేనర్ అనే ఆంగ్లేయుడు శిక్షణ ఇచ్చాడు. జట్టులో నోర్డాల్ సోదరులు ముగ్గురు: బెర్టిల్, క్నూట్, గున్నార్. ఇంకా గున్నార్ గ్రెన్ అనే మరో గున్నార్, నీల్స్ లీడ్‌హోమ్ అనే నెమ్మదైన ఆటగాడు వున్నారు.

అదే పోటీల్లో స్వతంత్ర భారతదేశం మొట్టమొదటిసారిగా ఫుట్‌బాల్ జట్టును పంపింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతోనే ఆడారు. ఫ్రాన్సుతో 1–2 తేడాతో ఓడిపోయారు. రెండు పెనాల్టీలు చేజారకపోతే ఏమయ్యేదో! స్వీడన్‌తో మనకు ఆట పడలేదు. పడివుంటే గున్నార్‌కు ఎదురునిలవడం మన వట్టికాళ్లకు పెద్ద పరీక్షే అయివుండేది.

స్వీడన్ మొదట ఆస్ట్రియాను 3–0తో ఓడించింది. అందులో గున్నార్‌వి రెండు. తరవాత కొరియా. పాపం, ఆ దేశం ఆ ఏడే మొదటిసారిగా తన సొంత జెండాతో ఒలింపిక్స్‌కు వచ్చింది. స్వీడన్ 12 గోల్సు వేసింది, గున్నార్‌వి నాలుగు. సెమీఫైనల్లో పక్కదేశమైన డెన్మార్కుతో ఆట. ఈ ఆటలో గున్నార్ ఒక్క గోలూ వెయ్యలేదు. అయినా ఇప్పటికీ చెప్పుకునేది ఈ ఆటలో అతను చేసిన పనినే.

అది అర్థం కావాలంటే ఆఫ్‌సైడు అంటే ఏమిటో తెలియాలి. బడిలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో సగంమంది దీనికోసమే పోట్లాడుకుంటారు, కనుక జాగ్రత్తగా వినండి. ఎదటి జట్టు గోలు దగ్గర ఒకడు మకాం వేసుక్కూర్చుని, బంతి రాగానే లోపలికి నెట్టేస్తే ఆట చప్పగా వుంటుంది గదా! అందుకని ఒక నియమం పెట్టారు. మనవాడు బంతి తన్నే క్షణంలో నువ్వు ఎదటివాళ్ల సగంలో బంతికన్న ముందు వుంటే, వాళ్లవాళ్లు ఇద్దరైనా నీకన్న వాళ్ల గోలు గీతకు దగ్గరగానో, నీకు సమానంగానో వుండాలి. ఆ ఇద్దరిలో గోలు కాపలావాడు ఒకడు కావచ్చు. అలా లేకపోతే నువ్వు నిలబడ్డచోటు ఆఫ్‌సైడు. అక్కడినుంచి ఆటలో జోక్యం చేసుకుంటే మీవాళ్లు వేసిన గోలు చెల్లదు.

డెన్మార్కు గోలు ముందు సరిగా అదే ఇరకాటం వచ్చింది. గున్నార్ ముందుకు చొచ్చుకుపోయి ఆఫ్‌సైడులో చిక్కుకున్నాడు. బంతి తన సహచరుడు కార్ల్‌సన్ వైపు వస్తున్నది. వెనక్కి పరుగెత్తే వ్యవధి లేదు. అక్కడే నిలబడితే గోలు చెల్లదంటారు. ఏం చెయ్యాలి? మీరైతే ఏం చేస్తారు?

గున్నార్ ముందుకే దూకాడు! డెన్మార్కు వాళ్ల గోలు గీత దాటి తిన్నగా వలలోకి దూరాడు. గీత దాటితే మైదానం బయట వున్నట్టే. మైదానం బయట వున్నవాడు ఆటకు అడ్డుపడడం లేదన్నమాట. అదే క్షణంలో కార్ల్‌సన్ తలతో కొట్టిన బంతి గోలు కాపలావాణ్ణి దాటి లోపలికి వచ్చింది. దాన్ని పట్టుకున్నది ఎవరనుకున్నారు? వలలో వున్న గున్నార్! గోలు చెల్లింది. ఇప్పటి నియమాల పుస్తకంలో కూడా, దాడిచేసే జట్టువాడు గోలు స్తంభాల మధ్య వల లోపల కదలకుండా నిలిచి, మరే తప్పూ చెయ్యకుండా వుంటే, ఆ గోలు ఇవ్వాలని వుంది. తొంభై కిలోల మనిషికి బుర్ర అంత చురుగ్గా పనిచేసిందంటే ఆశ్చర్యంగా లేదూ? మంటల మధ్య ఏ గుమ్మంలోంచి బయటపడాలో ఒక్క లిప్తలో తేల్చుకునే ఉద్యోగం గదా, ఆ అలవాటే పనికొచ్చిందేమో అని నాకు అనిపిస్తుంది.

డెన్మార్కు మీద 4–2. ఆగస్టు 13న వెంబ్లీ మైదానంలో ఫైనలు. యుగోస్లావియాను స్వీడన్ 3–1తో గెలిచింది. గ్రెన్ రెండు, గున్నార్ ఒకటి. నోర్డాల్ ఇంటికి ఒకే రోజున మూడు బంగారు పతకాలు! మొత్తం పోటీల్లో గున్నార్ 7 గోల్సు చేశాడు. డెన్మార్కు ఆటగాడు జాన్ హాన్సెన్ కూడా ఏడే చేసి అతనికి సమానంగా నిలిచాడు.

ఆ రోజుకు స్వీడన్ జట్టు తరపున గున్నార్ రాసుకున్న లెక్క అద్భుతమైంది. ఆ ఏడు ముగిసేసరికి అది ఇలా వుంది: 33 ఆటలు, 43 గోల్సు. వయసు 27. ఇంకా ఏడెనిమిదేళ్లు ఆడగల సత్తా వుంది. ఆ లెక్క అక్కడితో ఆగిపోయింది. ఆ తరవాత ఒక్క ఆట గాని, ఒక్క గోలు గాని కలవలేదు.

కాలు విరిగిందా? లేదు. జబ్బు చేసిందా? అదీ లేదు. ఇటలీ నుంచి పిలుపు వచ్చింది.

ఇటలీలో ఫుట్‌బాల్ క్లబ్బుల వెనక పెద్ద పెద్ద కార్ఖానాల యజమానులు వుండేవారు. మంచి ఆటగాడు ఏ దేశంలో వున్నా డబ్బిచ్చి తెచ్చుకునేవారు. మిలాన్ అనే మహానగరపు క్లబ్బు గున్నార్‌ను పిలిచింది. ఒక పక్కన ఫైర్ సర్వీసు జీతం, దేశపు పసుపుపచ్చ చొక్కా. రెండో పక్కన మంచి జీతం, పరదేశం. రెండో దారి పడితే జీతపు ఆటగాడి ముద్ర పడుతుంది. స్వీడన్ సంఘం అలాంటివాళ్లను దేశపు జట్టులోకి తీసుకోదు. అది గున్నార్‌కు తెలుసు. తెలిసే వెళ్లాడు. 1949 జనవరిలో మిలాన్ చేరాడు.

పెద్దలు ఈ పేరా కాస్త నిదానంగా చదవాలని నా మనవి. అతను డబ్బుకు ఆశపడ్డాడని అనడం తేలిక. అతనికి పెళ్లాం బిడ్డలున్నారు. ఆటగాడి కాళ్లలో బలం ముప్పై, ముప్పై ఐదేళ్ల దాకానే వుంటుంది. ఆ బలం వున్న నాలుగు రోజుల్లోనే సంసారానికి ఒక దారి చూసుకోవాలి. మన పల్లెల్లోంచి బొంబాయికీ, గల్ఫు దేశాలకూ వెళ్లినవాళ్లను ఊరు విడిచారని మనం నిందిస్తామా?

గున్నార్ జనవరి చివరలో మిలాన్ తరపున మొదటి ఆట ఆడి, ఆ ఆటలోనే గోలు వేశాడు. ఆ సీజనులో మిగిలిన 15 ఆటల్లో 16 గోల్సు. ఇటలీవాళ్లు అతని పాత ఉద్యోగం సంగతి విని ముచ్చటపడి "ఇల్ పొంపియేరే" అని పేరు పెట్టారు. వాళ్ల భాషలో నిప్పులార్పేవాడని అర్థం. ఆ వేసవిలోనే గ్రెన్, లీడ్‌హోమ్ కూడా మిలాన్ చేరారు. నోర్చోపింగ్‌లో గున్నార్‌కు శిక్షణ ఇచ్చిన చెయిజ్లరే ఇక్కడా శిక్షకుడుగా వచ్చాడు. గ్రెన్, నోర్డాల్, లీడ్‌హోమ్ పేర్లలోంచి ముక్కలు తీసి "గ్రె–నో–లి" అని ఒకే మాటగా పిలవడం మొదలుపెట్టారు. సంధి సూత్రాలు ఇటలీవాళ్లకు కూడా తెలుసన్నమాట!

1949–50 సీజనులో మిలాన్ లీగు ఆటల్లో 118 గోల్సు వేసింది. గున్నార్‌వి 35, మిగతా ఇద్దరివీ చెరి 18. అంటే 118లో 71 ముగ్గురు స్వీడన్ వాళ్లవే. 1950 ఫిబ్రవరి 5న మిలాన్ జట్టు టురిన్ వెళ్లి యువెంటస్ అనే మహాజట్టును దాని సొంత మైదానంలోనే 7–1తో ఓడించింది. మొదటి గోలు యువెంటస్‌దే. వేసింది ఎవరో తెలుసా? ఒలింపిక్స్‌లో గున్నార్‌తో సమానంగా నిలిచిన జాన్ హాన్సెనే! తరవాత ఏడు మిలాన్‌వి. అందులో మూడు గున్నార్‌వి. అయినా ఆ ఏడు లీగు గెలిచింది యువెంటసే. గోల్సు ఎక్కువ వేసినంత మాత్రాన లీగు దక్కదు మరి.

గున్నార్ ఆట ఎలా వుండేదంటే, అందులో గారడీ తక్కువ. కాళ్ల మధ్య బంతిని ఆడించి జనాన్ని మురిపించే పని గ్రెన్‌ది. గున్నార్ బంతి అందుకున్నాడంటే గోలువైపు తిన్నగా పోవడమే. పెద్ద తరగతులవాళ్లు భౌతికశాస్త్రంలో ద్రవ్యవేగం అనే మాట చదివివుంటారు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదే ద్రవ్యవేగం. సైకిలు వేగంగా వచ్చినా పట్టి ఆపవచ్చు. బస్తాలెత్తిన ఎడ్లబండి వాలులో నెమ్మదిగా దొర్లివస్తున్నా ఎవరూ ఎదురు నిలవరు. ఇక ఆ బండే సైకిలంత వేగంగా వస్తే? గున్నార్ అలాంటివాడు. పక్కనుంచి తోసినవాళ్లు తామే పడిపోయేవారు.

మరుసటి ఏడు, 1950–51లో, మిలాన్ లీగు గెలిచింది. అంతకుముందు ఆ క్లబ్బు గెలిచింది 1907లో. అంటే 44 ఏళ్ల తరవాత! తాతల కాలంలో గెలిచారని విన్న పిల్లలు తాము తండ్రులయ్యాక ఆ గెలుపు చూశారు. 1954–55లో మళ్లీ గెలిచింది. ఈ మధ్య ఏళ్లలో ఇటలీ లీగు మొత్తంమీద అందరికన్న ఎక్కువ గోల్సు చేసినవాడుగా గున్నార్ ఐదుసార్లు నిలిచాడు. ఐదుసార్లు అలా నిలిచినవాడు ఇటలీలో ఇప్పటికీ మరొకడు లేడు. 1951–52లో మాత్రం 30 గోల్సుతో జాన్ హాన్సెన్ అతన్ని దాటిపోయాడు, గున్నార్‌వి 26.

ఇంత జరుగుతుంటే అక్కడ స్వీడన్ ఏం చేస్తున్నది? ఇక్కడే కథ వింతగా మలుపు తిరుగుతుంది.

1950లో బ్రెజిల్ దేశంలో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. స్వీడన్ తన మాట మీద నిలిచి, ఇటలీ వెళ్లినవాళ్లలో ఒక్కరినీ పిలవలేదు. ఇంటి దగ్గర వున్న అమెచ్యూర్లతోనే వెళ్లింది. జూన్ 25న సావో పావ్‌లో నగరంలో మొదటి ఆట. ఎవరితో? ఇటలీతోనే! ఇటలీ రెండుసార్లు ప్రపంచ విజేత. ఐతే ముందు ఏడాది, 1949 మే 4న, టొరినో జట్టు ప్రయాణిస్తున్న విమానం టురిన్ దగ్గర సుపెర్గా కొండమీద కూలి, దేశంలోని మేటి ఆటగాళ్లు ఒక్కసారిగా పోయారు. ఆ దుఃఖం తీరలేదు. ఇటలీ జట్టు విమానం ఎక్కడానికి జంకి బ్రెజిల్‌కు ఓడలో వెళ్లింది. ఆట ముగిసేసరికి స్వీడన్ 3, ఇటలీ 2. ఆ స్వీడన్ జట్టులో గున్నార్ అన్న క్నూట్ వున్నాడు. అన్న ఇటలీని ఓడిస్తుంటే, తమ్ముడు ఇటలీలో లీగులో అందరికన్న ఎక్కువ గోల్సు చేసి ఇంట్లో వున్నాడు!

స్వీడన్ ఆ ప్రపంచ కప్పులో మూడో స్థానం సంపాదించింది. గెలిచిన అమెచ్యూర్లను చూసి ఇటలీ క్లబ్బులు ఊరుకుంటాయా? జట్టులో చాలామందిని వరసగా కొనుక్కుపోయాయి. క్నూట్ కూడా రోమ్ వెళ్లాడు. స్వీడన్ సంఘం వాళ్లందరి పేర్లూ కొట్టేసింది. పైరు చేతికి రాగానే పక్క ఊరివాళ్లు కోసుకుపోతుంటే, మళ్లీ విత్తనాలు చల్లుకుంటూ కూర్చున్న రైతులా అయింది పరిస్థితి. 1954 ప్రపంచ కప్పుకు స్వీడన్ అర్హత కూడా పొందలేకపోయింది. అప్పుడు గున్నార్ వయసు 32. ఆ సీజనులో ఇటలీలో అందరికన్న ఎక్కువ గోల్సు అతనివే. అయినా టెలిగ్రాం రాలేదు.

1956లో గున్నార్ మిలాన్ విడిచి రోమా జట్టుకు మారాడు. అక్కడ 34 లీగు ఆటల్లో 15 గోల్సు చేశాడు. వయసు మీద పడింది. గున్న ఏనుగు కాస్తా ముసలి ఏనుగవుతున్నది.

సరిగా అప్పుడే స్వీడన్ మనసు మార్చుకుంది. 1958 ప్రపంచ కప్పు స్వీడన్‌లోనే జరగాలి. ఇంటికి లోకమంతా వస్తుంటే ఇంట్లో మంచి గిన్నెలు అటకమీద పెట్టుకుంటామా? పరదేశంలో జీతానికి ఆడేవాళ్లు కూడా దేశపు జట్టులోకి రావచ్చన్నారు. లీడ్‌హోమ్‌ను పిలిచి నాయకుణ్ణి చేశారు. వయసు 35. ఇటలీ నుంచి అప్పటికే తిరిగివచ్చిన గ్రెన్‌ను పిలిచారు. వయసు 37. గున్నార్ గ్రెన్‌కన్న ఏడాది చిన్న. అతన్ని మాత్రం పిలవలేదు. ముందుకు ఉరికి గోల్సు వేసే పనికి ముప్పై ఆరేళ్ల కాళ్లు చాలవనుకున్నారేమో. ఒకవిధంగా అది సబబే. గ్రెన్, లీడ్‌హోమ్ బంతిని పంచిపెట్టేవాళ్లు. ఆ పనికి పరుగుకన్న తెలివి ఎక్కువ కావాలి.

జూన్ 29న స్టాక్‌హోం దగ్గర రోసుండా మైదానంలో ఫైనలు. నాలుగో నిమిషంలోనే లీడ్‌హోమ్ గోలు వేశాడు. కాని ఎదుట వున్నది బ్రెజిల్. ఆ జట్టులో పదిహేడేళ్ల కుర్రవాడు పెలే రెండు గోల్సు వేశాడు. బ్రెజిల్ 5–2తో గెలిచింది. గ్రె–నో–లి అనే మాటలో రెండు ముక్కలు మైదానంలో వున్నాయి. మధ్య ముక్క లేదు.

గున్నార్ తరవాత స్వీడన్ తిరిగివచ్చి, కుర్రవాళ్లకు ఆట నేర్పే శిక్షకుడయ్యాడు. తాను నిప్పులార్పిన నోర్చోపింగ్ జట్టుకూ కొన్నాళ్లు శిక్షణ ఇచ్చాడు. 1995 సెప్టెంబరు 15న చనిపోయాడు. చనిపోయింది స్వీడన్‌లో కాదు. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, అల్గెరో అనే పట్నంలో.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఈ నెల పని ఇది. ఇటలీ మొదటి తరగతి లీగులో అతను మొత్తం 291 ఆటల్లో 225 గోల్సు చేశాడు. ఆటకు సగటున ఎన్నో భాగించి చూడండి. నాలుగు ఆటలకు మూడు కన్న కాస్త ఎక్కువే వస్తుంది. ఆ లీగులో అతనికన్న ఎక్కువ చేసినవాడు చాలాకాలం సిల్వియో పియోలా ఒక్కడే. 2013లో రోమా ఆటగాడు ఫ్రాంచెస్కో టొట్టి గున్నార్‌ను దాటాడు. ఇతర దేశాలనుంచి వచ్చి ఇటలీలో ఆడినవాళ్లలో మాత్రం ఇంకా అతనిదే పైచేయి. 1949–50లో వేసిన ఆ 35 గోల్సును దాటడానికి లీగుకు 66 ఏళ్లు పట్టింది. 2016లో గొన్సాలో ఇగువాయిన్ 36 చేశాడు. మిలాన్ క్లబ్బు తరపున అన్ని పోటీల్లో కలిపి అతను చేసిన 221 గోల్సును ఆ క్లబ్బులో ఇంతవరకూ ఎవరూ అందుకోలేదు.

అమెచ్యూర్ నియమాన్ని స్వీడన్ 1967లో పూర్తిగా తీసేసింది. మూడేళ్ల తరవాత, 1970లో, మెక్సికో దేశంలో ప్రపంచ కప్పు జరిగింది. ఆ పోటీలకు వెళ్లిన స్వీడన్ జట్టు జాబితాలో థామస్ నోర్డాల్ అనే పేరు వుంది. థామస్ గున్నార్ కొడుకు. తండ్రి ఒక్క ప్రపంచ కప్పులోనూ ఆడలేదు.